సర్వీసుకి జీతంలో విలువ ఉండాలా? తొమ్మిదేళ్ల పాతవాళ్లకి తక్కువ, కొత్తగా వచ్చినవాళ్లకి ఎక్కువ ఇవ్వడం న్యాయమేనా?

పటాన్‌చెరు క్యూసీ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నేను ఒక మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో అనలిస్ట్‌ని. ఎమ్మెస్సీ కాగానే చేరాను, తొమ్మిదేళ్లు దాటింది, ఇక్కడే ఉన్నాను. ఈమధ్య వేరే కంపెనీ నుంచి ఒకబ్బాయి వచ్చాడు. నాలుగేళ్ల అనుభవం. నా డిజిగ్నేషనే, నా షిఫ్టే, నా పక్క ఇన్‌స్ట్రుమెంటే. జీతం మాత్రం నాకన్నా నెలకి ఏడు వేలు ఎక్కువ. ఆ అబ్బాయి మీద నాకే కోపమూ లేదు. అడిగాడు, ఇచ్చారు. తనే పే స్లిప్ చూపించి "అన్నా, మీకింత తక్కువా?" అని బాధపడ్డాడు.

మా పని తెలియనివాళ్లకి ఒక ముక్క చెప్తాను. మా దగ్గర ఒక పాత ప్రోడక్ట్‌కి హెచ్‌పీఎల్‌సీలో (మందులో ఏమేం ఉన్నాయో విడదీసి గ్రాఫ్‌గా చూపే యంత్రంలో) రెండు ఇంప్యూరిటీ పీక్‌లు, అంటే మలినాల గుర్తులు, పక్కపక్కనే వస్తాయి. ఒక్కోరోజు రెండూ అతుక్కుపోయి సిస్టమ్ సూటబిలిటీ (యంత్రం సరిగ్గా ఉందో లేదో ముందుగా చూసే పరీక్ష) ఫెయిలవుతుంది. కొత్తవాళ్లు ముందు కాలమ్ (పదార్థాల్ని విడదీసే గొట్టం) పోయిందనుకుంటారు. కొత్త కాలమ్ అంటే వేలల్లో ఖర్చు, దాన్ని బిగించి కండిషన్ చేసేసరికి సగం షిఫ్టు గడిచిపోతుంది. బఫర్ పీహెచ్ (అందులో వాడే ద్రావణం ఆమ్లత) రవ్వంత అటూఇటూ అయినా ఆ రెండు పీక్‌లు కలిసిపోతాయని నాకు తెలుసు, ఎందుకంటే ఆ మెథడ్ మా ల్యాబ్‌కి వచ్చిన రోజు నుంచి నడుపుతున్నాను. బఫర్ మళ్లీ కలిపి పీహెచ్ సరిచూసుకుంటే పని కదులుతుంది. ఆ అబ్బాయికి ఇది నేర్పింది నేనే.

హెచ్ఆర్‌ని అడిగితే "మీకు ఏటా ఇంక్రిమెంట్ వస్తూనే ఉంది కదా, అతన్ని మార్కెట్ రేటుకి తీసుకున్నాం" అన్నారు. లెక్క వేసి చూశాను. 20,000 జీతంతో ఇద్దరు ఒకేరోజు చేరారనుకోండి. ఒకరు ఆరేళ్లు అక్కడే ఉండి ఏటా 8 శాతం తీసుకుంటే 31,700 దగ్గర ఉంటారు. రెండోవారు ఆ ఆరేళ్లలో రెండుసార్లు 30 శాతం హైక్‌తో కంపెనీ మారి, మిగతా నాలుగేళ్లు అదే 8 శాతం తీసుకుంటే దాదాపు 46,000కి చేరతారు. ఉన్నచోటే ఉన్నందుకు పడే జరిమానా ఇది. దీన్ని ఎవరైనా న్యాయమని అనగలరా? అనేవాళ్లుంటే కారణం చెప్పండి, వింటాను.

హెచ్ఆర్ వైజాగ్

నేను పరవాడ వైపు ఫార్మా కంపెనీల్లోనే హెచ్ఆర్‌లో చాలా ఏళ్లుగా ఉన్నాను. మీ బాధ నాకు కొత్తది కాదు, మీరు అడిగిందీ న్యాయమే. కానీ సర్వీసుకి విడిగా డబ్బివ్వాలన్న మాట నేను ఒప్పుకోను.

జీతం ఇచ్చేది పోస్టుకి, ఆ పోస్టులో చేసే పనికి. అనలిస్ట్ పని మొదటి నాలుగైదేళ్లు ఏటా స్పష్టంగా మెరుగవుతుంది. ఆ తర్వాత అదే బెంచి మీద అదే పని చేసేవాళ్లలో చాలామందికి ఏడో ఏడాదికీ తొమ్మిదో ఏడాదికీ ల్యాబ్‌కి కనిపించే తేడా ఉండదు. మీలాంటివాళ్లు వేరు. మీకు తెలిసిన ఆ పీహెచ్ సంగతికి విలువ ఉంది. అది మీ నైపుణ్యానికి ఇవ్వాల్సిన విలువ, సీనియర్ అనలిస్ట్‌గానో గ్రూప్ లీడర్‌గానో ప్రమోషన్ ఇచ్చి తీర్చాల్సిన విలువ. మీ పక్కనే పదేళ్లుగా ఉండి, ప్రతి డీవియేషన్‌కీ (పని నిర్ణీత పద్ధతి తప్పినప్పుడల్లా) ఇంకొకరి మొహం చూసేవారికి కూడా అదే సర్వీసు ఉంటుంది. ఆయనకీ అంతే ఇద్దామా?

ఇలా ఎందుకు జరుగుతుందో లోపలివాడిగా చెప్తాను. ఇంక్రిమెంట్ల బడ్జెట్ ఏడాది మొదట్లోనే ఖరారవుతుంది, ఇంత శాతం అని. కొత్తవాళ్లని తీసుకునే బడ్జెట్ వేరే పద్దు. ఆడిట్ దగ్గరపడిన సమయంలో ఇద్దరు మానేస్తే ప్లాంట్ హెడ్ వెంటనే మనిషి కావాలంటాడు. వచ్చే అభ్యర్థి చేతిలో అప్పటికే రెండు ఆఫర్లుంటాయి. మేం అతన్ని చూసి రేటు కడతాం. అదే గదిలో ఉన్న పాతవాళ్ల జీతాల పట్టిక ఆ రోజు ఎవరూ తెరిచి చూడరు. నిజం ఇదే.

గోదావరిఖని బిడ్డ

పటాన్‌చెరు అన్నా, మా దగ్గర ముచ్చట వేరే ఉంటది. నేను బాయిల పని చేస్త. మా నాయిన గూడ బొగ్గు బాయిలనే చేసిండు. మాకు బేరం లేదు. ఐదేండ్లకోసారి వేజ్ అగ్రిమెంట్ అయితది, దేశంల పెద్ద యూనియన్లు కోల్ ఇండియా, సింగరేణి మేనేజ్‌మెంట్లతోని కూసుంటయి. పదకొండో అగ్రిమెంట్ల 19 శాతం మినిమం గ్యారంటీ బెనిఫిట్, అంటే గింతకన్న తక్వ పెరగొద్దని, ఒప్పుకున్నరు, 2021 జులై 1 నుంచి లెక్క గట్టిన్రు. అది గాక ఏటా బేసిక్ మీద 3 శాతం ఇంక్రిమెంటు. కొత్తగ వచ్చినోడు పాతోని కన్న ఎక్కువ ఎత్తుకునుడు మా కేటగిరీలల్ల ఉండనే ఉండది.

తేడా ఏందంటే మీరు హెచ్ఆర్ రూంల ఒక్కరే కూసుండి అడుగుతున్నరు. ఒక్కరే పోతె వాళ్లు చెప్పిందే రేటు.

అయితె ఒకటి గూడ చెప్పాలె. పనులు కాంట్రాక్టు కిందికి పోయిన కాడ గీ లెక్కలేం నడువయ్. కాంట్రాక్టరు మారినప్పుడల్ల ఆ కార్మికుని సర్వీసు మళ్ల మొదటికే వస్తది. ఇరవై ఏండ్ల సంది అదే పని చేసినోడు కాగితం మీద ఎప్పుడూ కొత్తోడే.

కోడ్ రాసేవాడు, గచ్చిబౌలి

నేను ఇంకో వైపు నుంచి చెప్తాను, సీనియర్లు ఏమనుకోవద్దు. సర్వీసుని బట్టి జీతం అంటే ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? కింద చేరేవాళ్ల జీతంలోంచే. మా ఐటీలో ఫ్రెషర్ జీతం పదేళ్లకు పైగా ఏడాదికి మూడు, మూడున్నర లక్షల దగ్గరే తిరుగుతోంది. ఈ పదేళ్లలో మాదాపూర్ చుట్టుపక్కల హాస్టల్ అద్దె, మెస్ బిల్లు ఎంత పెరిగాయో అందరికీ తెలుసు. పైవాళ్ల ఇంక్రిమెంట్లు ఎలాగోలా సర్దుతారు, కిందివాళ్లకి కోత పెడతారు. రెండేళ్లు రాత్రీపగలూ ప్రాజెక్టు మోసిన కుర్రాడికి "నీకింకా సర్వీసు లేదు" అని చెప్పడం కూడా అన్యాయమే కదా?

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అన్నా, మీకు ఆ పనితనం ఉంది. బయట ఇంటర్వ్యూలు ఇవ్వండి, ఆఫర్ తెచ్చుకోండి. మీ విలువ ఎంతో కంపెనీకి అప్పుడే తెలుస్తుంది.

మాస్టారు, ఏలూరు

రిటైర్డ్ హెడ్మాస్టర్‌ని. గచ్చిబౌలి బాబూ, మీరు చెప్పిన కిందివాళ్ల బాధ నిజమే, దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు ప్రభుత్వంలో ఈ ప్రశ్నకి ఎలాంటి జవాబు దొరికిందో చెప్పనివ్వండి.

మాకు ఏటా ఇంక్రిమెంటుతో పాటు ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీము ఉంది. ప్రమోషన్ రాకుండా ఒకే పోస్టులో ఉండిపోతే 6 ఏళ్లకి స్పెషల్ గ్రేడు, తర్వాత 12, 18, 24 ఏళ్లకి పై స్కేళ్లు. సర్వీసు ఒక్కటీ ఉంటే చాలనుకోకండి. 12 ఏళ్ల స్కేలు దగ్గరికి వచ్చేసరికి పై పోస్టుకి కావాల్సిన అర్హతలు, డిపార్ట్‌మెంటల్ టెస్టులు ఉండాలి. టెస్టు పాసు కాక ఆ స్కేలు దగ్గర ఏళ్లకి ఏళ్లు ఆగిపోయినవాళ్లు మా స్టాఫ్‌రూములోనే ఉండేవారు. హెచ్ఆర్ గారు అడిగిన "ఆయనకీ అంతే ఇద్దామా" అన్న ప్రశ్నకి మా దగ్గర కొంతవరకు జవాబుంది.

ఇంకో నిబంధన గురించి తప్పక చెప్పాలి. స్టెపింగ్ అప్ అంటాం. సీనియర్ ముందు ప్రమోషన్ తీసుకుంటాడు, జూనియర్ తర్వాత తీసుకుంటాడు, ఫిక్సేషన్‌లో, అంటే కొత్త పోస్టులో జీతం ఖరారు చేసేటప్పుడు, జూనియర్ జీతం పైకి పోతుంది. అలాంటప్పుడు సీనియర్ జీతాన్ని జూనియర్‌తో సమానం చేస్తారు. ఇద్దరూ ఒకే క్యాడర్‌లో ఉండాలి, ఒకే పోస్టుకి ప్రమోట్ అయ్యుండాలి, కింది పోస్టులో జూనియర్ అప్పటికే ఎక్కువ తీసుకుని ఉండకూడదు. ఇద్దరి సర్వీసు రిజిస్టర్లు, ఎల్పీసీలు (చివరి జీతం సర్టిఫికెట్లు) ముందు పెట్టుకుని పట్టిక గీసి ఆఫీసుకి పంపేవాళ్లం. అలాంటి ఫైళ్లు నా చేతుల మీదుగా చాలా వెళ్లాయి. అందులో ఎవరి దయా లేదు, అడిగినవాడు చిన్నబోవాల్సిన పనీ లేదు.

2023 ఏప్రిల్ 11న సుప్రీంకోర్టు కర్ణాటక విద్యుత్ ట్రాన్స్‌మిషన్ కార్పొరేషన్ ఉద్యోగుల కేసులో ఒక మంచి మాట చెప్పింది. ఏడాది పని పూర్తిచేసి, మర్నాడు ఇంక్రిమెంట్ పడుతుందనగా రిటైరయినవాళ్లకి ఆ ఇంక్రిమెంట్ ఇవ్వాల్సిందేనంది. మంచి నడవడితో ఏడాది పని చేసినప్పుడే దాన్ని ఆర్జించాడని దాని సారం. సర్వీసుకి విలువ ఉండాలా అన్న మన ప్రశ్నకి నాకు తెలిసి ఇంతకన్నా సూటి జవాబు లేదు.

కాంట్రాక్ట్ లెక్చరర్

మాస్టారు గారికి నమస్కారం. మీరు చెప్పిన ప్రభుత్వంలోనే నేనూ ఉన్నాను, జూనియర్ కాలేజీలో. కానీ కాంట్రాక్టులో. సర్వీసుకి విలువ లేకపోతే ఎలా ఉంటుందో మా జీవితం చూస్తే తెలుస్తుంది.

2016 అక్టోబర్ 26న జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, రెగ్యులర్ ఉద్యోగితో సమానమైన పని చేసే తాత్కాలిక ఉద్యోగికి ఆ స్కేలులో కనీస జీతం ఇవ్వాలంది. మాకు ఆ తీర్పు పెద్ద అండ. కానీ జాగ్రత్తగా చూడండి, ఇచ్చింది స్కేలు మొదటి మెట్టు. ఇంక్రిమెంట్లు అందులో లేవు. ఇంటర్ సెకండియర్ కెమిస్ట్రీ నిన్న మొదటిసారి చెప్పినవాడికీ, పదిహేనేళ్లుగా చెప్తున్నవాడికీ ఒకటే మొదటి మెట్టు. నా పక్క క్లాసులో రెగ్యులర్ లెక్చరర్ ఏడాదికొక మెట్టు ఎక్కుతుంటారు. స్పాట్ వాల్యుయేషన్‌లో ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే కట్టలో పేపర్లు దిద్దుతాం.

2006లో, రెగ్యులరైజ్ చేయమని అడిగే హక్కు తాత్కాలిక ఉద్యోగులకి లేదన్న ఉమాదేవి తీర్పు వచ్చాక ప్రభుత్వాలు దాన్ని చూపించే మమ్మల్ని ఆపుతూ వచ్చాయి. 2024 డిసెంబర్ 20న జగ్గో కేసులో, కేంద్ర జల సంఘం ఆఫీసులో ఊడ్చే పని, తోటపని చేస్తూ పదేళ్లకు పైగా ఉన్నవాళ్లని తీసేయడం చెల్లదని, వాళ్లని రెగ్యులరైజ్ చేయాలని అదే సుప్రీంకోర్టు చెప్పింది. ఉమాదేవి తీర్పుని ఇలాంటివాళ్ల నోరు నొక్కడానికి వాడొద్దన్నది ఆ తీర్పు సారం. సర్వీసు లెక్కలోకి రావడానికి ఊడ్చే మనిషి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. గచ్చిబౌలి తమ్ముడూ, "బయట ఆఫర్ తెచ్చుకో" అన్నది మాకు చెల్లదు. నలభై దాటిన లెక్చరర్‌కి బయట ఆఫర్ అంటే కార్పొరేట్ కాలేజీలో పొద్దున్నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా పనే.

అంగన్‌వాడీ టీచర్ కూతురు

పై పోస్టు చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మా అమ్మ ప్రకాశం జిల్లాలో అంగన్‌వాడీ టీచర్. పాతికేళ్ల పైమాటే. ఆంధ్రలో 2019లో గౌరవ వేతనం 10,500 నుంచి 11,500 చేశారు. నిన్న చేరినవాళ్లకి అదే, అమ్మకీ అదే. కోడిగుడ్ల లెక్క, బాలామృతం లెక్క, పిల్లల బరువు తీసి ఫోన్లో ఎక్కించడం, గర్భిణుల జాబితా, అన్నీ కొత్తగా వచ్చినవాళ్లు అమ్మనే అడిగి నేర్చుకుంటారు.

2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు గుజరాత్ అంగన్‌వాడీల కేసులో వాళ్లకీ గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పిచ్చింది. 2023 డిసెంబర్ 12న మొదలైన 42 రోజుల సమ్మెలో అమ్మవాళ్లు జీతంతో పాటు అడిగింది ఆ గ్రాట్యుటీనే. ఇన్నేళ్ల చాకిరీని ఎక్కడో ఒకచోట లెక్కలో చూపించమన్నారు.

తిరిగి చేరిన అమ్మ, బాచుపల్లి

అందరి మాటా విన్నాను. నాదొక ప్రశ్న, పటాన్‌చెరు బ్రదర్‌కి. నేనూ ఫార్మాలోనే, క్యూఏలో (క్వాలిటీ అస్యూరెన్స్). రెండో బాబు పుట్టాక బాబుకి ఆరోగ్యం బాగాలేక మానేశాను. చట్టంలో 26 వారాల ప్రసూతి సెలవుంది, నిజమే, కానీ అది మొదటి ఇద్దరు పిల్లలకి, అదీ 26 వారాలే. పిల్లాడికి సుస్తీ చేస్తే వారాల లెక్క సరిపోదు. మూడేళ్ల తర్వాత వేరే కంపెనీలో చేరాను. ఇప్పుడు సర్వీసుకే విలువ అంటే, అంతకు ముందు చేసిన ఎనిమిదేళ్లు ఏమయ్యాయి? ఏ విరామమూ లేకుండా పని చేయగలిగేది ఎక్కువగా మగవాళ్లే. సర్వీసు లెక్క కట్టిన ప్రతిచోటా ఆడవాళ్లం కింది మెట్టు మీదే ఉంటాం. మీరు కొత్తవాడనుకుంటున్న మనిషి ఇంకోచోట పాతవాడే అయ్యుండొచ్చు కూడా.

పటాన్‌చెరు క్యూసీ

మేడమ్, మీ ప్రశ్న నాకు గట్టిగా తగిలింది, మంచిదే. నేను అడుగుతున్నది ఒకే గేటు లోపల గడిపిన సంవత్సరాలకి బహుమతి కాదు. మీ ఎనిమిదేళ్లూ లెక్కలోకి రావాలి. విరామం వచ్చినంత మాత్రాన మీకు తెలిసిన పని పోలేదు. అదే పని ఎక్కడ చేసినా అనుభవం అనుభవమే. నా కోరిక ఒక్కటే. ఒకే పోస్టు, ఒకే పని, పనితీరులో లోపం లేదు, అలాంటప్పుడు ఎక్కువ అనుభవం ఉన్నవారి జీతం తక్కువ అనుభవంతో వచ్చినవారి జీతం కన్నా కింద ఉండకూడదు. మాస్టారు చెప్పిన స్టెపింగ్ అప్ లాంటి నిబంధన ప్రైవేటులో ఎందుకు ఉండకూడదు?

దీని దెబ్బ నెల జీతంతో ఆగదు. గ్రాట్యుటీ కట్టేది ఆఖరి నెల వేతనం మీద. చివరి బేసిక్‌ని 15తో గుణించి, 26తో భాగించి, పనిచేసిన ఏళ్లతో గుణిస్తారు. 18,000 బేసిక్ మీద తొమ్మిదేళ్లకి 93,461 వస్తుంది. బేసిక్ తక్కువైతే ఇదీ తక్కువే, పీఎఫ్ కూడా తక్కువే. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల (కొత్త కార్మిక చట్టాల) వల్ల మొత్తం జీతంలో అలవెన్సులు సగం దాటితే ఆ పైమొత్తం వేతనం కిందికే వస్తుంది, అది కొంత మేలు. కానీ మొత్తం జీతమే తక్కువగా ఉన్నవారికి అందులో సగం ఎంతని?

గచ్చిబౌలి తమ్ముడూ, బయట ఆఫర్ తెచ్చుకోమన్నావు. ఇల్లు ఇక్కడ, అమ్మానాన్నలు నాతోనే, పాప స్కూలు ఇస్నాపూర్‌లో. వెళ్లలేనివాళ్లకి తక్కువ, వెళ్లగలిగినవాళ్లకి ఎక్కువ అన్నది పనికి కట్టే రేటు ఎలా అవుతుంది?

కోడ్ రాసేవాడు, గచ్చిబౌలి

అన్నా, ఆ చివరి వాక్యానికి నా దగ్గర జవాబు లేదు. కానీ మీ నిబంధన వస్తే కంపెనీలు ఏం చేస్తాయి? పాతవాళ్లకి పెంచవు, కొత్తవాళ్ల ఆఫర్ తగ్గిస్తాయి. నా భయం అది.

హెచ్ఆర్ వైజాగ్

కొన్నిచోట్ల అలానే చేస్తారు, కాదనను. కానీ ఆఫర్ తగ్గిస్తే ఆ మనిషి రాడు. ఖాళీ పోస్టుతో ఆడిట్‌కి వెళ్లే ధైర్యం ఏ ప్లాంట్ హెడ్‌కీ ఉండదు. కాబట్టి కొత్తవాళ్లని 40 వేలకి తీసుకున్న ప్రతిసారీ ఆ బెంచి మీద ఉన్న పాతవాళ్ల సంగతి కూడా చూడాల్సి వస్తుంది. ఆ ఖర్చు ముందే కనపడితే రిక్రూట్‌మెంట్ బడ్జెట్, ఇంక్రిమెంట్ బడ్జెట్ ఒకే పద్దులోకి వస్తాయి. సర్వీసుకి విడిగా డబ్బివ్వడానికి నేను ఇప్పటికీ ఒప్పుకోను. కానీ మీరు రెండోసారి రాసిన రూపంలో, అంటే ఒకే పోస్టులో ఎక్కువ అనుభవం ఉన్నవాళ్లు కింద ఉండకూడదన్న రూపంలో అయితే నాకు అభ్యంతరం లేదు.

ఫ్రీమాంట్ నుంచి

ఇక్కడి అనుభవం ఒకటి పనికొస్తుందని రాస్తున్నాను. కాలిఫోర్నియాలో 2023 జనవరి 1 నుంచి 15 మంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలు ఉద్యోగ ప్రకటనలోనే జీతం ఎంత నుంచి ఎంతవరకో చెప్పాలి. ఇప్పటికే పనిచేస్తున్నవాళ్లు తమ పోస్టు పరిధి అడిగితే చెప్పి తీరాలి. మా టీమ్‌లో ఖాళీకి ప్రకటన వేస్తే అందులో ఉన్న కింది అంకె కన్నా మా సీనియర్ జీతమే తక్కువగా ఉంది. ఆవిడ ఆ ప్రకటన చూపించి అడిగింది. రెండు నెలల్లో సరిచేశారు. చట్టం ఆవిడ సీనియారిటీ గురించి ఒక్క మాటా అనలేదు, అంకె కనపడేలా చేసింది, అంతే.

మాస్టారు, ఏలూరు

మా ప్రభుత్వోద్యోగుల స్కేళ్లు పీఆర్సీ జీవోల్లో అచ్చయి అందరికీ కనపడుతూనే ఉంటాయి. అందుకే జూనియర్‌కి ఎంత వస్తోందో కనుక్కోవడానికి మాకు ఎవరి పే స్లిప్పూ దొంగచాటుగా చూడాల్సిన అవసరం రాలేదు. గచ్చిబౌలి బాబుకి బాకీ ఉన్న జవాబు ఇదే. కింది మెట్టు ఎంతో బయటికి తెలిస్తే కొత్తగా చేరేవాళ్లు కూడా దాన్ని పెంచమని కూడబలుక్కుని అడగగలరు.

పటాన్‌చెరు క్యూసీ

మా ల్యాబ్‌లో నాలాంటివాళ్లం కొందరం కలిసి ఉత్తరం రాద్దామనుకుంటున్నాం. హెచ్ఆర్ గారూ, మీ దగ్గరికి అలాంటి ఉత్తరం వస్తే ఎలా ఉండాలనుకుంటారు? దేనికి మీరు జవాబివ్వక తప్పదు?

హెచ్ఆర్ వైజాగ్

ఆ అబ్బాయి పేరు, జీతం ఎక్కడా రాయకండి. ఆఫర్ లెటర్‌లో జీతం ఎవరికీ చెప్పకూడదన్న షరతు ఉంటుంది, ఇబ్బంది పడేది అతనే. మూడు విషయాలు అడగండి. మీ గ్రేడుకి కింది అంకె, పై అంకె ఎంత. అందులో మీరు ఎక్కడున్నారు. గత మూడేళ్లలో అదే గ్రేడులో చేరినవాళ్ల సగటు ఎక్కడుంది. మీ పని గురించి రాసేటప్పుడు "తొమ్మిదేళ్లుగా సేవ చేస్తున్నాం" అని మొదలుపెట్టొద్దు, ఆ వాక్యం దగ్గర చాలామంది చదవడం ఆపేస్తారు. ఎవరెవరికి శిక్షణ ఇచ్చారు, ఏ మెథడ్‌లు మీ చేతిమీద నడుస్తున్నాయి, ఆడిట్‌లో ఎవరి రికార్డులు చూపించారు, ఇవి తేదీలతో రాయండి. ఉత్తరం హెచ్ఆర్‌కి ఒక్కటే పంపకండి, ప్లాంట్ హెడ్‌కి కూడా కాపీ పెట్టండి. బడ్జెట్ అడగాల్సింది ఆయనే. ఏప్రిల్ ఇంక్రిమెంట్లు ఫిబ్రవరిలోనే ఖరారవుతాయి, కాబట్టి జనవరి దాటనివ్వకండి.

గోదావరిఖని బిడ్డ

సంతకాలు ఒకలి కింద ఒకలు గాకుండ గుండ్రంగ పెట్టున్రి అన్నా, ముందుగాల ఎవరు పెట్టిన్రో తెల్వదు.